ఒబ్దులియా ఇంటి వంతు

బ్రాన్యెదా
17 జనవరి 1986, శుక్రవారం

ఒబ్దులియా అత్తకి,

నీ మేనకోడలు చలికి చావలేదు. ముందు ఆ సంగతి రాసేస్తే మిగతాది నువ్వు తాపీగా చదువుకుంటావని.

సోమవారం బస్సులో నువ్వు పుట్టిన ఊళ్లో దిగాను. డ్రైవరు నా రెండు పెట్టెల్నీ, టేప్ రికార్డర్నీ మంచులో దింపి, "చలికాలంలో ఇక్కడ మనిషి దిగడం చూసి మూడేళ్లయింది" అన్నాడు. మెచ్చుకున్నాడో జాలిపడ్డాడో అడిగేలోపు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఊరు ఎటుందా అని చూశాను. పొగమంచు. పొగమంచులో ఒక ఆవు. ఆవు వెనక పన్నెండు పలకరాతి కప్పులు, పదకొండింటి మీద పొగ. పొగ లేని ఆ ఒక్కటీ నీదే.

నేనెందుకొచ్చానో నీకు తెలుసు. కానీ మరిచిపోయినట్టు నటిస్తావు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఈ కొండల్లో ఇంకా మిగిలిన పాత ఆచారాలన్నీ మార్చి నెలాఖరుకల్లా రికార్డు చేసి మా ప్రొఫెసరు బల్ల మీద పెట్టాలి. పెడితే పుస్తకం వేస్తారు, శాఖలో నాకొక కుర్చీ వేస్తారు. పెట్టకపోతే మాద్రిద్‌లో అమ్మ కూడా ఒక కుర్చీ సిద్ధంగా ఉంచింది, చెప్పుల దుకాణంలో, గల్లాపెట్టె వెనక. చరిత్రలో పట్టా పుచ్చుకున్న పిల్లకి సైజులు బాగా గుర్తుంటాయని ఆవిడ నమ్మకం.

చిక్కల్లా బస. ఊళ్లో ఉన్న ఒక్క సత్రమూ వసంతం దాకా మూత. అందుకని సూటిగా అడుగుతున్నాను, నీ ఇంటి తాళంచెవి పంపు. నేనేం ఎత్తుకుపోను. ఆ రాళ్లు బస్సులో పట్టవు.

ఈలోపు నా గురించి బెంగ వద్దు. చదువంటే ఇంత మర్యాద ఉన్న ఊరు స్పెయిన్‌లో మరొకటి ఉండదు. నేను దిగిన పూట ఊరిపెద్ద ఆర్హిమీరో మామ వచ్చి, "ఎవరి పిల్లవమ్మా?" అన్నాడు. ఒబ్దులియా మేనకోడల్ని అన్నాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన భార్య ఎవుసేబియా పిన్ని నీ తలుపు వంక చూసింది. నీ పేరుకి ఇంత విలువ ఉందని నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఆయన నీ తలుపు పక్క మేకుకి వేలాడుతున్న పొట్టి కర్ర ఒకటి తీసుకుని, నా పెట్టె భుజాన వేసుకుని, "పద" అన్నాడు. మూడు రాత్రులు వాళ్లింట్లోనే. నిన్న స్వయంగా ఆయనే నన్నూ, పెట్టెల్నీ పక్కింటికి దిగబెట్టాడు, ఆ కర్ర ఊపుకుంటూ. వాళ్లు కూడా నన్ను మూడు రాత్రులు ఉంచుకుంటారట. చూడబోతే పంచుకుంటున్నారు.

తాళంచెవి మరిచిపోకు.

నీ ఎల్విరా


బిల్బావో
22 జనవరి

ఎల్విరాకి,

ఇక్కడ వాన. ఇది కబురు కాదు, ఊరి చిరునామాలో భాగం. లిఫ్టు మళ్లీ చెడింది. అయిదో అంతస్తు నుంచి దిగి నీ ఉత్తరం తెచ్చుకుని మళ్లీ ఎక్కాను. కాబట్టి ఇకమీదట ఉత్తరంలో కాస్త పనికొచ్చేది రాయి.

తాళంచెవి లేదు. ఉన్నా తుప్పు పట్టింది. తుప్పు పట్టకపోయినా లోపల ఎలుకలున్నాయి. ఈ మూడింట్లో నీకు నచ్చిన కారణం తీసుకో.

ఇది మీ నాన్న ఎత్తు కాదు కదా? పిల్లని చదువు పేరు చెప్పి పంపి, ఇంటి కొలతలు తీయించి, మాద్రిద్‌లో ఏ డాక్టరుకో వేసవి విడిదిగా అమ్ముదామని. వాడికి చిన్నప్పటి నుంచీ తెలివి ఆలస్యంగానే వచ్చేది, కానీ వస్తే ఇలాంటివే వచ్చేవి.

నీ సంబరం చదివాను. ఊరికే అడుగుతున్నాను, అన్నింటికీ జవాబు రాయి. భోజనానికి నిన్ను పొయ్యి పక్క బల్ల మీద కూర్చోబెడుతున్నారా? తిన్నాక గిన్నె కడగనిస్తున్నారా? పడుకునే ముందు బయటి ఊళ్ల కబుర్లు చెప్పమంటున్నారా? ఇల్లు మారేటప్పుడు చేతిలో ఒక రొట్టె పెడుతున్నారా?

ఉన్ని మేజోళ్లు రెండు జతలు పంపుతున్నాను. తడిసినవి ఎక్కడపడితే అక్కడ ఆరేయకు.

అత్త


బ్రాన్యెదా
28 జనవరి

అత్తా,

నీకు దివ్యదృష్టి ఉందా? పొయ్యి పక్క బల్ల, అవును, ప్రతి ఇంట్లో. గిన్నె కడగబోతే చేతిలోంచి లాక్కుంటారు. రొట్టె, అవును, ఒక్కోసారి దానితో పొగబెట్టిన మాంసం ముక్క కూడా. కబుర్ల సంగతి ఎలా కనిపెట్టావో గాని, రోజూ అడుగుతున్నారు. అయిదు ఇళ్లలోనూ నేను బంధుత్వ వ్యవస్థల మీద అరగంట చొప్పున మాట్లాడాను. శ్రద్ధగా విన్నారు. మూడో ఇంట్లో ముసలాయన, "అంతా బాగుంది గాని, లియోన్ సంతలో దూడ ఎంత పలుకుతోంది?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన మొహంలో నిరాశ చూసి చదువు మీద నాకే అనుమానం వచ్చింది.

ఇక నా పని సంగతి. ఈ ఊళ్లో ఆచారం అన్నది మందుకి కూడా దొరకదు. రోజూ టేపు పెట్టుకుని తిరుగుతున్నాను. "మామా, పాత ఆచారాలేమైనా ఉన్నాయా?" అంటే ఆర్హిమీరో మామ ఆవు పొదుగు వదలకుండానే, "అబ్బే, అవన్నీ మా తాతలతోనే పోయాయి" అంటాడు. ఇప్పటిదాకా నా టేపుల్లో ఉన్నది ఆవుల నములుడు, కప్పు మీంచి మంచు జారిపడే చప్పుడు, ఎవుసేబియా పిన్ని దగ్గు. దగ్గులో మాత్రం ప్రాచీన లక్షణాలున్నాయి.

ఒక్క వస్తువు దొరికింది. నేను ఏ ఇంటికి వెళ్లినా తలుపు పక్క మేకుకి ఒక కర్ర ఉంటోంది. మూరెడు పొడవు, నల్లగా నిగనిగలాడుతూ, ఒక వైపు వరసగా పన్నెండు గాట్లు. ఇంటికొకటి చొప్పున ఒకేలాంటివి చెక్కించుకున్నారు కాబోలు. బొమ్మ గీసి ప్రొఫెసరుకి పంపాను, "పశువుల కాపరి దండం, పన్నెండు గాట్లు పన్నెండు నెలలు, పంటల దేవతలకి సంబంధించినది కావచ్చు" అని రాసి. పొయ్యికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నువ్వు పంపిన మేజోళ్లు దాని మీదే ఆరేస్తున్నాను. ఇంటివాళ్లు కాస్త వింతగా చూస్తారు, అంతే.

నాన్న సంగతి. ఈ ఊరి పేరెత్తితే ఆయనకి తుమ్ములొస్తాయి. ఎత్తులు వేసేంత ఆరోగ్యం లేదు. నాకనిపించేది వేరు. నన్ను ఇంటింటా నెత్తిన పెట్టుకుంటున్నారని నీకు కాస్త కడుపుమంటగా ఉంది. ఫరవాలేదు, తాళంచెవి పంపితే క్షమిస్తాను.

ఇవాళ పొగమంచు విడిచింది. ఊరి వెనక మూగకొండ మొత్తం కనిపించింది, నడుము దాకా బీచ్ చెట్ల అడవి, పైన తెల్లటి రాయి. మేఘం నీడ దాని మీద పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎవుసేబియా పిన్ని వచ్చి, "ఏం పోగొట్టుకున్నావు అక్కడ?" అంది. ఈ ఊళ్లో ప్రకృతిని ఆరాధించే అవకాశం అంతవరకే.

ఎల్విరా


బిల్బావో
3 ఫిబ్రవరి

చదువుకున్న నా మేనకోడలికి,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. మూడో అంతస్తులో కూర్చుండిపోయాను. పక్క వాటా ఆవిడ నాకు గుండె ఆగిందనుకుని నీళ్లు తెచ్చింది. నవ్వుతున్నానని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికో కర్ర లేదు పిల్లా. ఊరంతటికీ ఒకటే కర్ర. నువ్వు ఎటు పోతే అటు అది వస్తోంది. నిజానికి అది ఎటు పోతే అటు నిన్ను పంపుతున్నారు.

దాన్ని బీదవాళ్ల కర్ర అంటారు. పన్నెండు గాట్లు పన్నెండు ఇళ్లు. చలికాలంలో కొండ దాటి బిచ్చగాళ్లు వచ్చేవాళ్లు. కర్ర ఎవరి తలుపున ఉంటే వాళ్లది వంతు. చారు పోయాలి, పొయ్యి పక్క చోటివ్వాలి, పని చెప్పకూడదు, పోయేటప్పుడు రొట్టె పెట్టాలి. వచ్చినవాడు కూడా ఊరికే తినడు, నాలుగు ఊళ్ల కబుర్లు చెబుతాడు. దూడ ధర చెప్పలేని బిచ్చగత్తె ఆ ఊరికి ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

మీ ప్రొఫెసరుకి నా నమస్కారాలు చెప్పు. పంటల దేవతల గురించి ఆయన ఏమంటాడో రాయి. మేజోళ్లు తీసెయ్, మర్యాదగా ఉండదు.

తాళంచెవి ఇప్పటికీ లేదు.

అత్త


బ్రాన్యెదా
6 ఫిబ్రవరి, గురువారం పొద్దున

అత్తా,

నిన్న సాంతా ఆగెదా పండగ. నీకు చెప్పక్కర్లేదు, ఆ ఒక్క రోజూ ఊరు ఆడవాళ్లది. ఊరిపెద్ద బెత్తం ఎవుసేబియా పిన్ని చేతికి వచ్చింది. మగవాళ్లంతా నడుముకి గుడ్డ కట్టుకుని వడ్డించారు. ఆర్హిమీరో మామ వెల్లుల్లి చారు మాడగొట్టాడు. ఎవుసేబియా పిన్ని ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి, "నలభై ఏళ్లుగా దీన్ని నేను వండగా తింటున్నావు, ఒక్కరోజైనా గిన్నెలోకి తొంగి చూశావా?" అంది. ఆయన, "చూస్తే తినగలిగేవాణ్ణా?" అన్నాడు. జరిమానాగా ఆయన చేత ఒక పాట పాడించారు. టేపులో ఉంది. మళ్లీ వినే ధైర్యం చేయలేదు.

తర్వాత ఆడవాళ్ల సభ. పిన్ని బెత్తం నేలకేసి కొట్టి, పదిహేనో తారీఖుకి వంతు ఒబ్దులియా ఇంటికి వస్తుంది, ఈసారి దాటించేది లేదు అంది. అందరూ చేతులెత్తారు. నీళ్ల కాలువ బాగుచేసే వంతు అయి ఉంటుంది. నాకు అవసరం లేని విషయం కదా అని రాసుకోలేదు. బస్సు హారన్ వినిపిస్తోంది, మిగతాది తర్వాత.

అదే రోజు, మధ్యాహ్నం

నీ ఉత్తరం అందింది.

నన్ను బిచ్చగత్తెని చేశారు. విశ్వవిద్యాలయం ముద్ర వేసిన కాగితం చూపించాను నేను వీళ్లకి. దొడ్లోకి పోయి ఆర్హిమీరో మామని పట్టుకున్నాను.

"ఇన్నాళ్లూ నన్ను బీదవాళ్ల కర్ర కింద తిప్పుతున్నారా?"

"మరేమనుకున్నావు తల్లీ? ఇల్లు లేదు, పొయ్యి లేదు, పెట్టెతో మంచులో నిలబడ్డావు. ఇంకెలా తిప్పుతాం?"

"ఆచారాలేమైనా ఉన్నాయా అని నెల నుంచీ అడుగుతున్నాను కదా, లేవన్నావు."

"లేవు."

"ఇదేంటి మరి?"

"ఇది ఆచారమా? ఇది వంతు" అన్నాడు, నా తెలివి మీద నిజంగా దిగులుపడుతూ.

నాకు ఏడుపొచ్చింది, తర్వాత ఆకలేసింది. తొమ్మిదో ఇంటివాళ్లు పొయ్యి పక్క బల్ల మీద చోటు చూపించారు. కూర్చున్నాను. బిచ్చగత్తెకి అంత పట్టింపు ఉండకూడదు.

ప్రొఫెసరుకి రెండో ఉత్తరం రాయాలి. ఎలా మొదలెట్టాలో తోచడం లేదు.

ఎల్విరా


బిల్బావో
11 ఫిబ్రవరి

ఎల్విరా,

నీళ్ల కాలువ వంతు కాదు అది. నీకు అవసరం లేదనుకుని రాసుకోని ఒక్క విషయమూ రాసుకోవాల్సిన విషయం.

పదమూడో తారీఖు బస్సెక్కి వచ్చెయ్. మాద్రిద్ వెళ్లకపోతే ఇక్కడికి రా, నా మంచం ఇస్తాను. దొరికిన ఆచారం చాలదూ? రాసుకుని పుస్తకం వేసుకో. చెప్పుల దుకాణం కూడా మంచి ఉద్యోగమే, కాళ్లకి నోరుండదు.

కర్ర నా తలుపుకి వచ్చే సమయానికి నువ్వు ఆ ఊళ్లో ఉండకూడదు. కారణం అడగొద్దు. లిఫ్టు బాగయింది.

అత్త


బ్రాన్యెదా
16 ఫిబ్రవరి, ఆదివారం

అత్తా,

బస్సెక్కలేదు. రమ్మన్నావంటే అక్కడేదో ఉందని, పొమ్మన్నావంటే ఇక్కడేదో ఉందని అర్థం చేసుకునేంత చదువు నాకుంది.

నిన్న పొద్దున పదకొండో ఇంటివాళ్లు రొట్టె ఇచ్చి సాగనంపారు. ఆర్హిమీరో మామ కర్ర పట్టుకుని ముందు నడిచాడు, ఊరంతా వెనక. నీ తలుపు ముందు పెట్టె దించి, కర్రని మేకుకి తగిలించి, టోపీ సవరించుకుని, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. తాళం వేసిన తలుపు ముందు నేనూ, కర్రా మిగిలాం.

పిన్ని ఇంటికి వెళ్లి, ఈ ఒక్కరాత్రికి ఉంచుకోమన్నాను. "చారు తాగి పో, ఎన్ని గిన్నెలైనా తాగు. పడుకోవడానికి మాత్రం కుదరదు. కర్ర ఒబ్దులియా తలుపున ఉండగా నేను నిన్ను పడుకోబెట్టుకుంటే, ఆవిడకి ఇల్లే లేదని నేను అన్నట్టు కాదూ?" అంది. పక్కింట్లోనూ అదే మాట. పదకొండు ఇళ్లూ తిరిగాను. కోపంగా ఒక్కరూ లేరు. అందరూ చారు పోశారు. పదకొండు గిన్నెల వెల్లుల్లి చారు తాగి రాస్తున్న ఉత్తరం ఇది, వాసన వస్తే ఏమనుకోకు.

ఊరుమ్మడి రొట్టెల బట్టీలో పడుకుంటున్నాను. వెచ్చగా ఉంది, శనివారం కాల్చారు కాబట్టి. బుధవారానికి రాయి చల్లబడుతుంది, మళ్లీ కాల్చేది పై శనివారమే. అంటే నాకు నాలుగు రోజులు గడువు. ఆ తర్వాత పుస్తకం లేదు, కుర్చీ లేదు, చెప్పులే.

పిన్నిని నిలదీశాను. దాటించాల్సినంత నేరం మా అత్త ఏం చేసింది అని. పిన్ని నూలు వడకడం ఆపలేదు. "నీలం గౌను సంగతి మీ అత్తనే అడుగు" అంది.

అడుగుతున్నాను.

ఎల్విరా


బిల్బావో
20 ఫిబ్రవరి

ఎల్విరా,

తాళంచెవి ఈ పొట్లంలో ఉంది. తుప్పు పట్టలేదు. ఏటా నూనె రాస్తూ వచ్చాను. ఎందుకో అడగొద్దు, ఏదో ఒక అలవాటు ఉండాలి మనిషికి.

1951. నాకు పందొమ్మిదేళ్లు. అమ్మ పోయి ఏడాది. నాన్న లోయలో గనికి వెళ్లాడు, మీ నాన్నని పిన్నమ్మగారింట్లో ఉంచి. నేనొక్కదాన్నే ఇంట్లో. కర్ర మా తలుపుకి వచ్చి రెండు రోజులైంది. మర్నాడు సాంతా ఆగెదా, నాట్యం. అమ్మ పాత పావడాకి నీలం రంగు వేసి గౌను కుట్టుకున్నాను. పొద్దుగూకే వేళ బొగ్గుల పెట్టెతో దాన్ని ఇస్త్రీ చేస్తున్నాను.

తలుపు తట్టారు. కిటికీ సందులోంచి చూస్తే సెలెదోనియో. ఏటా వచ్చే ముసలి బిచ్చగాడే, కొత్తవాడు కాదు, చెడ్డవాడు అసలు కాదు. మంచు పడుతోంది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది భయమేసిందని. ఒంటరి ఆడపిల్ల, చీకటి, అలా. ఎవరైనా నమ్ముతారు. నీకు నిజం రాస్తాను, ఆ వాసనతో అతను వచ్చి పొయ్యి పక్క కూర్చుంటే గౌనుకి పడుతుందనిపించింది. అంతే. దీపం ఊదేశాను. ఇంకోసారి తట్టాడు, ఇంకోసారి. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మంచులో అడుగుల చప్పుడు.

కర్ర మా తలుపున ఉంది కాబట్టి వేరే ఇంటి తలుపు తట్టడు. అది వాళ్ల మర్యాద. చర్చి అరుగు మీద పడుకున్నాడు. కుడి కాలి వేళ్లు రెండు పోయాయి. చచ్చిపోయి ఉంటే నాలుగేళ్లు ఏడ్చి ఊరుకునేదాన్ని. బతికాడు. ఏటా వచ్చాడు, కుంటుకుంటూ, నేను కనిపించగానే టోపీ తీసి, "బాగున్నావా ఒబ్దులియా" అంటూ. నా తలుపు మళ్లీ తట్టలేదు. కమ్మరి కొలిమిలో పడుకునేవాడు, మిగతా బిచ్చగాళ్లూ అక్కడికే పోయేవాళ్లు. ఊరు ఆ కర్రని నా తలుపు నుంచి తీయలేదు. రోజూ పాలకి వెళ్తూ, వస్తూ చూసేదాన్ని. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నా నోరు నీకు తెలుసు. ఒక్కరూ ఒక్కమాట అనలేదు, కర్ర మాత్రం వేలాడదీసి ఉంచారు, ఊరు ఊరంతా చూసేలా. నాలుగేళ్లు భరించి వచ్చేశాను. సార్డీన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేప తలలు కోశాను. వాటిలో ఏ ఒక్కటీ నాకు టోపీ తీయలేదు, హాయిగా ఉండేది.

గౌను బాగానే కుదిరింది, నువ్వు అడిగేలోపు చెబుతున్నాను. నాట్యానికి వెళ్లలేదు.

ఇల్లు తెరుచుకో. పొయ్యి గొట్టంలో కాకి గూళ్లుంటాయి, ముందు అవి తీయించు.

అత్త


బ్రాన్యెదా
26 ఫిబ్రవరి, బుధవారం

అత్తా,

నీ ఇంట్లో, నీ బల్ల మీద రాస్తున్నాను. బట్టీ చల్లబడ్డాక మూడు రాత్రులు ఆర్హిమీరో మామ ఆవుల మధ్య పడుకున్నాను, శనివారం కాల్చాక మళ్లీ బట్టీలో. పశువుల కొట్టం ఇల్లు కాదు కాబట్టి కర్రకి అభ్యంతరం లేదట. ఇంత నిక్కచ్చి న్యాయశాస్త్రం మాద్రిద్‌లో కూడా చూడలేదు. సోమవారం బస్సులో పొట్లం వచ్చింది. తాళం ఒక్క తిప్పుకే తెరుచుకుంది. కాకి గూళ్లు మూడు.

పొయ్యి అంటించగానే గొట్టంలోంచి పొగ లేచింది. బయటికి వచ్చి చూస్తే వీధిలో ఊరంతా నిలబడి తలెత్తి చూస్తోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కంగారుపడకు. ఆర్హిమీరో మామ వేళ్లు మడిచి లెక్కపెట్టి, "పన్నెండు" అని ఇంట్లోకి పోయాడు.

పొయ్యి పక్క బల్ల మీద ఒక దుప్పటి మడత పెట్టి ఉంది. దాని మీద ఒక గిన్నె, చెంచా. దుప్పటి చిమ్మటలకి పోయింది గాని, ఎవరూ కప్పుకున్నది కాదు, అంచు కుట్టుకి కట్టిన దారం కూడా తెంపలేదు. నాలుగు చలికాలాలు నువ్వు దాన్ని అక్కడ పెట్టి ఎదురుచూశావని నాకు చెప్పలేదు. నువ్వు చెప్పవని నాకూ తెలుసు. కాబట్టి నేనూ అడగడం లేదు.

ఇక అసలు సంగతి. టేపు పెట్టి పిన్నిని మాట్లాడించాను, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను:

"ఆ పొద్దున సెలెదోనియోని అరుగు మీంచి లేపింది మా నాన్నే. ఒబ్దులియా తలుపు తీయలేదా అని అడిగారు. ఆ ఇంట్లో ఎవరూ లేరు అన్నాడు. పొయ్యి పొగ ఊరంతా చూసింది, వాడూ చూశాడు. అయినా చచ్చేదాకా అదే మాట. తీయను అన్న ఇంటిని సభ కొట్టేస్తుంది, ఆ గాటు చెక్కేస్తుంది, కర్ర తీసి పక్కింటికిచ్చేస్తుంది. ఎవరూ లేకపోతే కొట్టేసేదేముంది? వంతు ఉంటుంది, అంతే. అందుకే కర్ర అక్కడ ఉంచాం, ఆవిడ ఎప్పుడు వస్తే అప్పుడు తీర్చుకుంటుందని. నువ్వు మంచులో నిలబడితేనే మొన్న తీయాల్సి వచ్చింది."

"అత్త అది అవమానం అనుకుంది పిన్నీ" అన్నాను.

"అవమానించాలంటే కర్ర తీసేసేవాళ్లం" అంది. తర్వాత కాసేపు దగ్గి, "ముప్పై అయిదేళ్లు. దానికి ఎప్పుడూ అంతే, అడక్కుండానే అన్నీ తెలుసు" అంది.

పన్నెండు గాట్లూ ఉన్నాయి అత్తా. వేలితో తడిమి చూశాను. మా ప్రొఫెసరుకి పన్నెండు నెలలని రాసిన గాట్లే.

ఇంతలో ఇంకో చిక్కు. నేను వచ్చేశాను కదా, ఇక వంతు తీరినట్టే, కర్ర పక్కింటికి ఇచ్చేద్దామన్నాను. ఆర్హిమీరో మామ నన్ను జాలిగా చూశాడు. "తాళంచెవి నీ చేతిలో ఉంది, పొయ్యి నువ్వే అంటించావు. ఇప్పుడు నువ్వు ఇంటిదానివి. ఇంటిది తనకి తనే బిచ్చగత్తె ఎలా అవుతుంది?" అన్నాడు. అయితే ఎలాగ అంటే, ఎవరో ఒకరు వచ్చి తట్టాలి, మూడు రాత్రులుండాలి అన్నాడు. "ఎక్కడి నుంచి తేను చెప్పు? అందరికీ పింఛన్లు వచ్చాయి. బీదవాళ్లకి కూడా కరువొచ్చింది" అని నిట్టూర్చాడు.

కాబట్టి కర్ర ఇప్పటికీ నీ తలుపునే ఉంది. నేను మార్చి ఆఖరు దాకానే ఉంటాను. ఆ తర్వాత మళ్లీ తాళం. ప్రొఫెసరు నుంచి జవాబు వచ్చింది, పంటల దేవతల సూత్రం చాలా ఆసక్తికరంగా ఉందట. ఆయన్ని ఎలా నిరాశపరచాలో ఆలోచిస్తున్నాను.

ఎల్విరా


బిల్బావో
3 మార్చి, సోమవారం

ఎల్విరాకి,

వాన. కానరీ పిట్టని పక్క వాటా ఆవిడకిచ్చాను, తిరిగి తీసుకునేటప్పుడు దెబ్బలాటే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవుసేబియా మాటలున్న చోట మూడుసార్లు. ఆవిడ నా గురించి అన్న ఆఖరి మాటకి జవాబు నా దగ్గర ఉంది, ఎదురుగా చెబుతాను.

గురువారం బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరమూ అదే బస్సులో రావచ్చు. డ్రైవరు ముందు ఉత్తరం నీకిస్తాడు, నా మోకాళ్లు మంచులో మెల్లగా వస్తాయి, కాబట్టి చదువుకునే టైముంటుంది.

బస్సు ఆగే చోటికి ఎదురురాకు. పెట్టె మోయడానికి ఎవర్నీ పంపకు. నా తాళంచెవి నీకిచ్చేశాను, ఆ ఊళ్లో నాకు ఇల్లు లేదు, పొయ్యి లేదు. ఒక బీద ముసలిది వచ్చింది, వంతు ఎవరిదో చూడండని ఆర్హిమీరోకి చెప్పు. పింఛను ఉంది కదా అని వాడు పేచీ పెడితే ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చే పింఛను కాగితం చూపిస్తాను, నోరు మూస్తాడు.

పొయ్యి పక్క బల్ల నాది. ఆ దుప్పటే కావాలి, చిమ్మటలు కొట్టినా సరే. గిన్నెలు కడగను. బిల్బావో కబుర్లు మూడు రాత్రులకి సరిపడా ఉన్నాయి, దూడ ధర కూడా కనుక్కుని వస్తున్నాను. పోయేటప్పుడు రొట్టె పెట్టకపోతే సభకెక్కుతాను.

లోపల గడియ పెట్టుకుని ఉండు. నేనొచ్చానని తెలిసినా ముందే తీయకు. మూడుసార్లు తడతాను. అతను తట్టింది మూడే.

ఒబ్దులియా